వెళ్ళొస్తానన్న మాట

మన ఇళ్ళలో నుండి బయలుదేరేవారు ఎవరూ ‘వెళ్తాను’ అనరు. ‘వెళ్ళొస్తాను’ అంటారు. పొలానికి పోయినా, పెళ్ళికి పోయినా, పట్నం పోయినా అదే మాట. తిరిగి రావడం ఆ వెళ్ళడంలోనే కలిసి ఉండాలని మన పెద్దలు ఈ మాటను అలవాటు చేశారు. ఈ నెల మేము రాయదలచినది అటువంటి ఒక ప్రయాణం గురించే. చదువు కోసం ఒక సంవత్సరమో, ఆరు నెలలో పరదేశంలో ఉండి, తిరిగి తన బడికి, తన కాలేజీకి వచ్చే పిల్లల గురించి. వీరిని ఎక్స్ఛేంజ్ విద్యార్థులు అంటారు.

కీసర చుట్టుపక్కల సంఘాలలోని కుటుంబాలకు విదేశం ఇప్పుడు దూరపు మాట కాదు. ఒకప్పుడు కీసర, శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతమంటే ద్రాక్షతోటలు గుర్తుకొచ్చేవి. ఇప్పుడు అవుటర్ రింగురోడ్డు గుర్తుకొస్తుంది. కీసర దగ్గర ఆ రోడ్డు ఎక్కితే నగరంలో అడుగుపెట్టకుండానే శంషాబాదు విమానాశ్రయం చేరవచ్చు. పొరుగునున్న శామీర్‌పేటలో, 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఆ మండలం వైపే 2008లో బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణం వచ్చింది. ఈ రెండింటికీ విదేశీ విశ్వవిద్యాలయాలతో విద్యార్థుల మార్పిడి ఒప్పందాలున్నాయి. కీసర మండలంలోనే ఇంజనీరింగు కాలేజీలు ఉన్నాయి. కాబట్టి ఒక సాయంత్రం మీ అమ్మాయో, అబ్బాయో ఇంటికి వచ్చి, “నాన్నా, ఒక సంవత్సరం బయటి దేశంలో చదివే అవకాశం ఉందట, దరఖాస్తు పెట్టుకోనా?” అని అడిగితే ఆశ్చర్యపడనక్కరలేదు. ఏమి జవాబు చెప్పాలన్నదే ప్రశ్న.

ఇది ఏ రకమైన ప్రయాణం?

మొదట ఒక తేడా గమనించాలి. డిగ్రీ కోసం, ఆ తరువాత ఉద్యోగం కోసం అమెరికాకో, ఆస్ట్రేలియాకో వెళ్ళడం ఒకటి. దానికి బ్యాంకు అప్పు కావాలి. కొందరు ఉన్న ఎకరం అమ్ముతారు. వెళ్ళినవారు అక్కడే స్థిరపడాలని ఇంటిల్లిపాదీ కోరుకుంటారు. దానిలో తప్పేమీ లేదు. అయితే ఎక్స్ఛేంజ్ చదువు అది కాదు.

నాట్ల కాలంలో బదులు పని అందరికీ తెలిసినదే. ఇవాళ వాళ్ళు మన మడిలో నాటు వేస్తారు, రేపు మనం వాళ్ళ మడిలో వేస్తాము. కూలి డబ్బు చేతులు మారదు. నమ్మకం చేతులు మారుతుంది. విద్యార్థుల మార్పిడి అటువంటిదే. ఇక్కడి విద్యార్థి అక్కడి తరగతిలో కూర్చుంటే, అక్కడి విద్యార్థి ఇక్కడికి వస్తాడు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల కోసం 1998లో ఒక ప్రత్యేక కార్యక్రమం ఆరంభించారు. దాని ద్వారా గచ్చిబౌలికి వచ్చినవారిలో తెలుగు నేర్చుకున్నవారూ ఉన్నారు.

ఈ ఏర్పాటు పుట్టుక కూడా తెలుసుకోదగినది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో, ఫ్రాన్సులో గాయపడిన సైనికులను మోయడానికి అమెరికా యువకులు అంబులెన్సులు నడిపారు. ఆ సంస్థ పేరు అమెరికన్ ఫీల్డ్ సర్వీస్. రెండవ యుద్ధంలోనూ అదే పని చేసి, చాలినంత రక్తం చూసిన ఆ డ్రైవర్లు 1947లో హైస్కూలు పిల్లలను ఒక దేశం నుండి మరొక దేశానికి పంపే పనికి పూనుకున్నారు. ఒకరి ఇంట్లో ఒకరు అన్నం తిన్న పిల్లలు పెద్దయ్యాక ఒకరిపై ఒకరు తుపాకి ఎత్తరని వారి ఆశ. 1949లో బ్రెదరన్ సంఘంవారు, నిన్నటి వరకు శత్రుదేశమైన జర్మనీ నుండి యువతీ యువకులను పిలిపించి అమెరికా కుటుంబాల మధ్య ఉంచారు. అదే తరువాత అంతర్జాతీయ క్రైస్తవ యువజన మార్పిడి సంస్థగా పెరిగింది. యుద్ధం ముగిసిన నాలుగేళ్ళకే శత్రువు బిడ్డకు తమ ఇంట్లో పక్క పరచిన కుటుంబాలవి.

ఐరోపా దేశాలలో 1987లో ఆరంభమైన పథకానికి ఎరాస్మస్ అని పేరు. గ్రీకు కొత్త నిబంధనను 1516లో అచ్చువేయించిన పండితుడు ఎరాస్మస్ మన పాఠకులలో కొందరికి తెలిసే ఉంటాడు. ఊరూరా తిరిగి చదువుకున్న మనిషి కనుక ఆయన పేరు ఆ పథకానికి సరిగ్గా అమరింది. అమెరికాలో 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత, 2002లో, సెనేటర్లు కెన్నెడీ, లూగర్‌ల పేరిట హైస్కూలు పిల్లల కోసం మరొక పథకం వచ్చింది. దాని కింద ఎంపికైనవారికి విమానం ఖర్చు, వైద్య బీమా, నెలనెలా చేతి ఖర్చు పథకమే భరించింది. ఒక అమెరికా కుటుంబం జీతం పుచ్చుకోకుండా వారిని తమ ఇంట్లో ఉంచుకుంది. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు కూడా ఈ పథకం మీద వెళ్ళి వచ్చారు.

పాకాల నుండి మిన్నెసోటా దాకా

ఇటువంటి అవకాశాలు ఇంగ్లీషు మీడియం పిల్లలకు, పట్నంవారికి మాత్రమే అని మన ఊళ్ళలో ఒక అభిప్రాయం ఉంది. మాలావత్ పూర్ణ జీవితం దానికి జవాబు.

నిజామాబాదు జిల్లా పాకాల గ్రామంలో వ్యవసాయం చేసుకునే గిరిజన కుటుంబంలో ఆమె పుట్టింది. తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివింది. గురుకులాల పిల్లలకు రాళ్ళెక్కే శిక్షణ ఇస్తున్నప్పుడు ఆమె భువనగిరి కోట గుట్ట మీద మొదటి పాఠాలు నేర్చుకుంది. కీసర నుండి ఘట్‌కేసర్ మీదుగా వరంగల్ రోడ్డు పట్టుకుంటే మనకు ఎంతో దూరం కాని గుట్ట అది. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు ఇంకా నిండకముందే, ఆమె ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అంత చిన్న వయసులో ఆ శిఖరం చేరిన ఆడపిల్ల అంతకుముందు లేదు.

చాలామందికి ఇక్కడి వరకే తెలుసు. తరువాతి సంగతి ఈ వ్యాసానికి ముఖ్యం. ఏడు ఖండాలలోని ఏడు ఎత్తయిన శిఖరాలు ఎక్కాలని ఆమె లక్ష్యం పెట్టుకుంది. దానితోపాటు చదువు మానలేదు. డిగ్రీ చదివే కాలంలో ఎక్స్ఛేంజ్ విద్యార్థినిగా అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి వెళ్ళి, అక్కడి విశ్వవిద్యాలయంలో చదివి, తిరిగి వచ్చింది. 2016లో ఆఫ్రికాలోని కిలిమంజారో, 2017లో ఎల్బ్రుస్, 2019లో దక్షిణ అమెరికాలోని అకాంకాగ్వా, అదే సంవత్సరం చివరలో అంటార్కిటికాలోని విన్సన్ శిఖరం ఎక్కింది. 2022 జూన్‌లో ఉత్తర అమెరికాలోని దెనాలితో ఏడూ పూర్తయ్యాయి. మొదటి శిఖరానికి, చివరి శిఖరానికి మధ్య ఎనిమిది సంవత్సరాలు.

ఈ ఎనిమిది సంవత్సరాలలో పరదేశపు చదువు ఎక్కడ ఉందో చూడండి. అది గమ్యం కాదు. గమ్యానికి పోయే దారిలో ఒక మజిలీ. తనకు ఏమి కావాలో ముందే తెలిసిన పిల్లకు ఆ మజిలీ బలమిచ్చింది. తెలియని పిల్లకైతే అదే దారి తప్పించే చోటు కావచ్చు.

తిరిగి రాని ఒకరు

మరొక జీవితాన్ని కూడా ఇక్కడ తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలి సంవత్సరాలలో బోస్టన్ వెళ్ళారు. హార్వర్డులో చదువుతూ, పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేశారు. కండరాలకు శక్తి ఎలా అందుతుందన్న విషయంలో ఆయన చేసిన పరిశోధన వైద్యశాస్త్రంలో నిలిచిపోయింది. ఈనాడు గర్భిణీ స్త్రీలకు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర వెనుక, బోదకాలు రాకుండా మన ఊళ్ళలో పంచే మాత్ర వెనుక ఆయన బృందం శ్రమ ఉంది. ఆయన మేలు పొందని ఇల్లు మన జిల్లాలో ఉండదంటే అతిశయోక్తి కాదు.

అయితే ఆయన మళ్ళీ స్వదేశం చూడలేదు. ఆయన భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. భర్తను మళ్ళీ కలుసుకోలేదు. 1948 ఆగస్టులో ఆయన న్యూయార్కులో కన్నుమూశారు.

మేము ఆయనను తప్పుపట్టడానికి ఈ సంగతి రాయడం లేదు. అంత గొప్ప పనికి కూడా ఒక ఇల్లు మూల్యం చెల్లించిందని గుర్తుచేయడానికే. ఒకరి లక్ష్యం ఒక్కరిదే అయి ఉండదు. వెనుక ఉన్నవారు కూడా దానిలో తమ భాగం మోస్తారు. అందుకే బయలుదేరే ముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఎంతకాలం, ఎందుకు, తరువాత ఏమిటి అన్న మూడు మాటలూ పెదవి దాటి బయటికి రావాలి.

లక్ష్యం ఎవరిది?

మేము చాలామంది యౌవనస్థులతో మాట్లాడినప్పుడు, ‘ఎందుకు వెళ్ళాలనుకుంటున్నావు?’ అంటే, ‘మా క్లాసువాళ్ళు వెళ్తున్నారు’ అనో, ‘మా నాన్నకు ఇష్టం’ అనో జవాబు వచ్చింది. ఇవి లక్ష్యాలు కావు. ‘నర్సింగులో వృద్ధుల సేవ అక్కడ ఎలా చేస్తారో చూడాలి’, ‘బిందుసేద్యం తెలుసుకోవాలి’, ‘చెవిటి పిల్లలకు పాఠం చెప్పే పద్ధతి నేర్చుకోవాలి’ - ఇలా చెప్పగలిగితే అది లక్ష్యం. ఒక్క వాక్యంలో, ఇంట్లో అమ్మమ్మకు కూడా అర్థమయ్యేలా చెప్పగలగాలి. ఎంపిక చేసేవారు కూడా దరఖాస్తులో వెతికేది అదే.

మరొక సంగతి. అబ్బాయి అడిగితే ‘చూద్దాం’ అనే తండ్రి, అమ్మాయి అడిగితే ‘పెళ్ళి సంగతి ఏమిటి’ అంటాడు. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం మన సంఘాలలోనూ లేకపోలేదు. భద్రత గురించి అడగవలసిందే, అయితే ఇద్దరి విషయంలోనూ అడగాలి. పాకాల తల్లిదండ్రులు పదమూడేళ్ళ కూతురిని మంచుకొండకు పంపడానికి ఒప్పుకున్నారు. వారికి భయం లేదని మేము అనుకోము. భయం ఉండగానే ఒప్పుకున్నారు.

ఒప్పుకునే ముందు అడగవలసినవి

మొదటిది డబ్బు. కాలేజీల మధ్య ఒప్పందం ఉన్నప్పుడు సాధారణంగా ఫీజు ఇక్కడి కాలేజీకే కడతారు, అక్కడ మళ్ళీ కట్టనక్కరలేదు. అయితే విమానం, వీసా, బీమా, గది, భోజనం ఖర్చులు మన మీదే పడవచ్చు. ‘ఫీజు లేదు’ అన్న మాటను ‘ఖర్చు లేదు’ అని వినకూడదు. ప్రతి ఖర్చుకూ ఎవరు బాధ్యులో కాగితం మీద రాయించుకోవాలి. హైస్కూలు పథకాలలో కొన్ని పూర్తి ఉపకారవేతనం ఇస్తాయి. కొన్నిటికి కుటుంబమే లక్షలు కట్టాలి. రెండూ ఒకే సంస్థ నడపవచ్చు, కాబట్టి ఏది ఏదో తేల్చుకోండి. ‘సీటు ఇప్పిస్తాను, ముందు అడ్వాన్సు ఇవ్వండి’ అనే మధ్యవర్తిని గుమ్మం దగ్గరే ఆపండి.

రెండవది చదువు లెక్క. అక్కడ చదివిన సబ్జెక్టులు ఇక్కడి డిగ్రీలో కలుస్తాయా? ఇంటర్మీడియట్ వయసు పిల్లలైతే, తిరిగి వచ్చి ఆ సంవత్సరం మళ్ళీ చదవాలా? ఈ జవాబు నోటిమాటగా కాక ప్రిన్సిపాలు సంతకంతో తీసుకోండి. ఒక సంవత్సరం ఆలస్యమైతే నష్టమని కొందరు అంటారు. నష్టమో కాదో ఇంట్లో నిర్ణయించుకోవచ్చు, కాని ఆ సంగతి తెలియకుండా బయలుదేరకూడదు.

మూడవది పేరు. ఇది మన సంఘాల కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. బాప్తిస్మపు పేరు ఒకటి, బడిలో రాయించిన పేరు మరొకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉన్న పిల్లలు ఎందరో. పాస్‌పోర్టు, పదో తరగతి మెమో, దరఖాస్తు మూడింటిలో అక్షరం తేడా లేకుండా ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, సొంతపేరు వేర్వేరు గడులలో సరిగా పడాలి. సొంతపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ‘మొదటి పేరు తెలియదు’ అని అర్థమిచ్చే మూడు అక్షరాలు అచ్చవుతాయి. బ్యాంకులో, బడిలో అదే పేరుగా పిలిపించుకోవలసి వస్తుంది. సవరణలకు నెలలు పడతాయి కనుక ముందే సరిచూసుకోండి.

నాలుగవది నియమాలు. అమెరికాకు ఎక్స్ఛేంజ్ మీద వెళ్ళేవారికి జె-1 అనే వీసా ఇస్తారు. హైస్కూలు పిల్లలకు వయసు పరిమితి ఉంది. బయలుదేరే నాటికి పదిహేనేళ్ళు నిండి ఉండాలి, పద్దెనిమిదిన్నర దాటకూడదు. వారు అక్కడ ఉద్యోగం చేయకూడదు. ప్రభుత్వ ఖర్చు మీద వెళ్ళినవారు తిరిగి వచ్చి రెండేళ్ళు స్వదేశంలో గడపకుండా అక్కడ ఉద్యోగ వీసాకు గాని, శాశ్వత నివాసానికి గాని మారలేరు. మళ్ళీ చదువుకోవడానికి వెళ్ళవచ్చు. ‘ఎలాగోలా వెళ్ళి అక్కడే ఉండిపోదాం’ అనుకునే ఇంటికి ఇది సరైన దారి కాదు. వెళ్ళొస్తానన్న మాటను చట్టం కూడా పట్టుకుని కూర్చుంది. పథకాలు, నియమాలు ఏటా మారుతుంటాయి కనుక ఆ సంవత్సరపు ప్రకటన చదివిన తరువాతే అడుగు వేయండి.

అయిదవది ఇల్లు. ఆతిథ్యమిచ్చే కుటుంబం ఏ వర్ణం వారైనా, ఏ మతం వారైనా కావచ్చు. అసలు గుడికే వెళ్ళని వారూ కావచ్చు. ఆదివారం ఆరాధనకు వెళ్ళాలనుకునే పిల్లలు ఆ సంగతి దరఖాస్తులోనే రాయాలి. ఆ ఇంటివారు తీసుకువెళ్ళలేకపోతే, దగ్గరలోని సంఘంలో ఎవరైనా సహాయపడతారా అని సంస్థవారిని అడగవచ్చు. ఇబ్బంది కలిగితే ఎవరికి ఫోను చేయాలో, ఇల్లు మార్చమని ఎలా అడగాలో బయలుదేరే ముందే బిడ్డకు, మీకు కూడా తెలిసి ఉండాలి.

అక్కడి నెలలు

మొదటి నెల అంతా వింతగా, సంతోషంగా గడుస్తుంది. చలి దిగి, పగలు కురచై, మూడు నాలుగు నెలలు గడిచేసరికి దిగులు పట్టుకుంటుంది. మిన్నెసోటాలాంటి చోట్ల చలికాలంలో నీరు గడ్డకట్టే చలి వారాల తరబడి ఉంటుంది. కీసరలో రాత్రి ఎనిమిది గంటలకు మీరు కుటుంబ ప్రార్థనకు కూర్చునేసరికి అక్కడ ఆ ఉదయం ఎనిమిదిన్నర. బిడ్డ తరగతిలో ఉంటుంది. రోజూ గంటలకొద్దీ ఫోనులో మాట్లాడితే దిగులు తగ్గదు, పెరుగుతుంది. వారానికి రెండు రోజులు వేళ పెట్టుకుని మాట్లాడండి. ఏడిస్తే వినండి. వెంటనే ‘వచ్చెయ్’ అనకండి, ‘ఇంత ఖర్చుపెట్టాం, ఓర్చుకో’ అని కూడా అనకండి. పెట్టెలో మామిడికాయ పచ్చడి సీసా పెట్టవచ్చు గాని, మాంసం పచ్చళ్ళు పెట్టకండి. అమెరికా విమానాశ్రయంలో వాటిని రానివ్వరు.

పిల్లలకు కూడా ఒక మాట. మీరు అక్కడ ఒక్కరే కారు. కీసర పేరు ఎన్నడూ వినని తరగతికి మీరే కీసర. మన వంట, మన పాట, మన పొలం, మన కష్టం గురించి అడుగుతారు. మన దేశంలో ఉన్న మంచిని దాచవద్దు, లోపాన్ని కప్పవద్దు. తీసుకోవడానికి మాత్రమే వెళ్ళినవారు బరువైన పెట్టెతో తిరిగి వస్తారు. ఇవ్వడానికి కూడా వెళ్ళినవారు స్నేహితులతో తిరిగి వస్తారు.

తిరిగి వచ్చాక

తిరిగి వచ్చిన బిడ్డ వెళ్ళిన బిడ్డ కాదు. ఒంటరిగా నిర్ణయాలు తీసుకోవడం నేర్చుకుని వస్తుంది. పెద్దల మాటకు ‘ఎందుకు?’ అని అడుగుతుంది. ఇల్లు ఇరుకుగా అనిపించవచ్చు. దానిని గర్వం అనుకుని గద్దించే ముందు కొన్ని నెలలు ఓపిక పట్టండి. ఆమెకు కూడా మన మధ్య మళ్ళీ కాలు నిలదొక్కుకోవడానికి సమయం కావాలి.

ఇక్కడ సంఘానికి ఒక పని ఉంది. వెళ్ళేటప్పుడు ప్రార్థన చేసి, శాలువా కప్పి పంపుతాము. వచ్చేటప్పుడు ‘ఏమి తెచ్చావు?’ అని పెట్టె వైపు చూస్తాము. దానికి బదులు ఒక ఆదివారం సాయంత్రం యౌవనస్థుల కూడికలో ఆ బిడ్డను నిలబెట్టి, ఏమి నేర్చుకున్నావని అడుగుదాం. పదో తరగతి పిల్లలకు ఆమెచేత ఇంగ్లీషు చెప్పిద్దాం. మరొక ఇంటి బిడ్డ దరఖాస్తు నింపడానికి ఆమెనే తోడు పంపుదాం. ఒక ఇంటికి వచ్చిన అవకాశం పది ఇళ్ళకు దారి కావడం అలాగే జరుగుతుంది. పరదేశపు విద్యార్థి ఎవరైనా మన ప్రాంతపు కాలేజీకి వస్తే, ఒక పూట భోజనానికి మన ఇంటికి పిలుద్దాం. బదులు పని అంటే అదే కదా.

అందరి పిల్లలూ వెళ్ళనవసరం లేదు. వెళ్ళనివారు తక్కువవారు కారు. అయితే వెళ్ళాలన్న కోరిక, ఎందుకన్న స్పష్టత, తిరిగి రావాలన్న మనసు మూడూ ఉన్న బిడ్డ మన ఇంట్లో ఉంటే, భయం ఒక్కటే కారణంగా ‘వద్దు’ అనకండి. కూర్చోబెట్టి, పైన రాసిన ప్రశ్నలన్నీ అడగండి. జవాబులు నిలబడితే ఆశీర్వదించి పంపండి. గడప దాటుతూ ఆ బిడ్డ ‘వెళ్ళొస్తాను’ అంటుంది. ఆ మాట నిలబెట్టుకునే బలం ఆ బిడ్డకు ఇవ్వవలసింది మనమే.